ఇద్దరి బరువు

మిలటరీ ఆస్పత్రి వార్డులోకి చేతికర్ర పొడుచుకుంటూ, కుంటుకుంటూ వచ్చాడు బండ. ఆ భారీ ఆకారానికి పటాలంలో పెట్టిన పేరది. తోటి జవాను చిట్టి పడుకున్న మంచం కనబడగానే గుమ్మంలోనే ఆగిపోయాడు.

ఏ మొహం పెట్టుకుని పలకరిస్తాడు? బరువుతో కొండెక్కే శిక్షణ రోజున సగం దారిలో మోకాలు పట్టుకుని కూలబడ్డాడు తను. "ఇలా ఇవ్వన్నా" అంటూ అతని బ్యాగు కూడా భుజాన వేసుకున్నాడు చిట్టి. మనిషే బ్యాగంత ఉంటాడు. మోయలేని బరువు మోసి, దిగేటప్పుడు తూలి, కాలు రెండు చోట్ల విరగ్గొట్టుకున్నాడు.

బండకేమో ఎక్స్‌రేలో ఏమీ కనబడలేదు. నరం నొప్పి కాబోలని డాక్టరుగారు తేలికపాటి డ్యూటీ రాశారు. అప్పట్నుంచీ సిగ్గుతో చచ్చిపోతున్నాడు. ఇన్నాళ్ళూ ఇటు రాకుండా మొహం చాటేశాడు.

"అదేంటన్నయ్యా, ఆ కాలితో నిలబడ్డారు?" చిట్టి భార్య లేచి తన స్టూలు ఇచ్చింది. "కూర్చోండి. మీ మోకాలు ఎలా ఉందోనని ఈయన ఒకటే గోల."

బండకి తల కొట్టేసినట్టయింది. "నాదేముందమ్మా. నా మూలాన వీడికి..."

"ఊరుకో అన్నా. నొప్పి రావడం నీ చేతుల్లో ఉందా?" అన్నాడు చిట్టి. "నిన్ననే కట్టు విప్పారు. ఇవాళ నడిపించి చూస్తారట. మళ్ళీ విరిగిందంటే ఉద్యోగానికి నీళ్ళొదులుకోవడమే. అప్పుడు నన్ను నువ్వే పోషించాలి."

బండ నవ్వలేకపోయాడు. స్టూలు మీద ముడుచుకుని కూర్చున్నాడు.

నర్సు వచ్చి చిట్టిని లేపి నిలబెట్టింది. "ఆ తలుపు దాకా. మెల్లగా." నాలుగడుగులు పక్కనే నడిచి, చెయ్యి వదిలి, తలుపు దగ్గరికెళ్ళి నిలబడింది. చిట్టి పళ్ళ బిగువున అడుగులేస్తున్నాడు. వార్డు మధ్యకొచ్చేసరికి తడి గచ్చు మీద పాదం జారింది.

నర్సు అందుకోలేనంత దూరంలో ఉంది.

ఒక్క ఉదుటున లేచాడు బండ. అడ్డంగా ఉన్న ఖాళీ మంచం మీంచి దూకి, పరుగెత్తి, చిట్టి నేలకి తగలకముందే రెండు చేతులా పట్టుకున్నాడు.

"ఏం కాలేదురా, నేనున్నాగా" అన్నాడు రొప్పుతూ.

స్టూలు పక్కన పడివున్న చేతికర్ర వైపు చూశాడు చిట్టి. తర్వాత బండ మోకాళ్ళ వైపు చూశాడు.

"ఆ రోజు కూడా ఇంత బాగానే ఉందా అన్నా, నీ కాలు?"