ఎముక పట్టేదాకా

ఆ రోజు క్వార్టర్‌లో బాపు, అమ్మ, సంపత్ అన్న, నేను ఉన్నాం. బాపును చూసిపోదామని పక్కింటి కొమురెల్లి కాక వచ్చాడు.

బాపు మంచం మీద కాలు చాపుకుని కూర్చున్నాడు. గనిలో పైకప్పు పెళ్ల పడి తుంటి విరిగితే, కరీంనగర్‌లో ఆపరేషన్ చేసి లోపల రాడ్డు వేశారు.

"ఇనుమేనా అన్నా, లోపట?" అన్నాడు కాక.

"టైటానియం," అన్నాను.

అందరూ నా వైపు తిరిగారు. డాక్టర్ దగ్గరికి బాపు వెంట వెళ్లింది నేనే. నలుగురిలో నోరు విప్పని నాకు ఆ రోజు ఎక్కడలేని మాటలు వచ్చాయి.

రాడ్డు నున్నగా ఉండదని చెప్పాను. ఉపరితలాన్ని కావాలనే గరుకుగా చేస్తారు. ఎముకలో ఉండే పదార్థమే దాని మీద పూతగా పూస్తారు. ఎముక మెల్లగా ఆ గరుకులోకి పెరిగి రాడ్డును పట్టుకుంటుంది.

"గోడకు గాట్లు వెట్టి ప్లాస్టరింగ్ చేసినట్టు," అన్నాడు బాపు.

"గంతే బాపూ! పట్టుకున్నదంటే మునుపటి లెక్కనే నడుస్తవు."

కాక చాయ్ ఊదుకుంటూ నవ్వాడు. "నడిస్తే ఇంకేమున్నది, రాయమల్లన్నా! కంపెనీ మెడికల్ బోర్డుల నిన్ను ఫిట్ అని మళ్ల డ్యూటీకి తోల్తరు. అన్‌ఫిట్ అంటెనే గద నీ జాగల పోరనికి నౌకరి. ఇగ నువ్వు ఆటోనే తోలుకో, సంపతూ."

అన్న తల ఎత్తకుండా అడిగాడు. "పట్టకపోవుడు గూడ ఉంటదా, చెల్లే?"

క్లాసులో జవాబు తెలిసిన పిల్లలా చెప్పేశాను.

"ఇప్పుడే బరువు వెడితే ఉంటది. రాడ్డు కదుల్తది, ఎముక పట్టది. వాకర్ లేకుంట అడుగు గూడ వెయ్యద్దన్నడు డాక్టర్."

అమ్మ చేతిలో చాట ఆగింది.

కాక గ్లాసు కింద పెట్టి, షిఫ్టు ఉందంటూ లేచి వెళ్లిపోయాడు.

అప్పుడు గానీ నేనేం చెప్పానో నాకు తెలియలేదు.

బాపు మంచం దిగాడు. వాకర్ అందించబోయాను. పక్కకు జరిపాడు. లోపలి గది వైపు ఒక అడుగు వేశాడు. పళ్లు బిగబట్టి ఇంకొకటి.

అన్న వైపు చూశాను. ఫోన్‌లో ఏదో వెతుకుతున్నాడు.

అమ్మ చాటలోని బియ్యం వైపే చూస్తోంది.

"వద్దు బాపూ," అన్నాను.

గుమ్మం దగ్గర బాపు నా తల నిమిరాడు.

"మంచిగ సమజయ్యేటట్టు చెప్పినవు బిడ్డా. జరంతసేపు నడుస్త."

నా ముఖం మీదే తలుపు మెల్లగా మూసి, లోపల గడియ పెట్టుకున్నాడు.