యంత్రం పాడిన పాట

"ఇక్కడ మనుషులు పాడరమ్మా, యంత్రాలే పాడతాయి," అన్నాడు టెక్నీషియన్ తలెత్తకుండానే.

గుమ్మంలో నిలబడ్డ ఆవిడ కదల్లేదు.

"మొదట్లో ఒకావిడ పాడింది బాబూ. పూర్తి పాట. ఒక్కసారి విని వెళ్ళిపోతాను."

మెడకు మఫ్లరు చుట్టుకుంది. మాట ఊపిరిలా వస్తోంది, చెవి ఒగ్గితే గానీ వినపడదు.

"ఎవరావిడ?"

"నాకు బాగా తెలిసినావిడే. ఇన్నేళ్ళకి వినే ధైర్యం వచ్చింది."

అతనికి నవ్వొచ్చింది. కరెంటుతో సంగీతం పుట్టించే స్టూడియో అది. రేడియో భవనం కింది గదిలో నాలుగు యంత్రాలతో మొదలైంది. దాని మొదటి పాటలో యంత్రం ఏడ్చిందనీ, మనిషి గొంతుకు అలా ఏడవడం చేతకాదనీ పత్రికలు ఆకాశానికెత్తాయి. ఆ పాట మోజులోనే ఇతనూ ఇక్కడ చేరాడు. ఇక్కడికొచ్చి మనిషి పాట అడగడమేమిటి, చోద్యం కాకపోతే!

"ఈ స్టూడియో పెట్టిన పెద్దాయన వచ్చాక అడగండి. ఈలోగా ఆ డబ్బాలు కాస్త అందిస్తారా?"

టేపు దొరకడం గగనమైన రోజులవి. పాట తయారయ్యాక, దానికి వాడిన ముడి శబ్దాల టేపుల్ని అయస్కాంతం మీద తిప్పి చెరిపేసి, మళ్ళీ వాడుకోవడం అక్కడి పద్ధతి.

ఆవిడ అలమారలోంచి ఒక్కో డబ్బా తీసి ఓపిగ్గా అందించింది. అడుగు అరలోని డబ్బా దుమ్ము పట్టి ఉంటే తుడిచి మరీ ఇచ్చింది. అతను అదీ అయస్కాంతం మీద తిప్పి పక్కన పెట్టాడు.

"పని బాగా చేస్తారే మీరు. పెద్దాయనతో చెప్పి ఉద్యోగం ఇప్పిస్తానుండండి."

ఆవిడ నవ్వింది. ఆ నవ్వుకీ చప్పుడు లేదు.

ఇంతలో పెద్దాయన వచ్చాడు. ఆవిడను చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఎన్నాళ్ళకొచ్చావమ్మా! ఉండు, ఎవరికీ చెప్పకుండా ప్రాణంలా దాచాను," అంటూ అలమార ముందు వంగాడు.

అడుగు అర ఖాళీగా ఉంది.

"ఇక్కడి డబ్బా ఏదయ్యా?"

"ముడి టేపే కదా సార్. చెరిపేశాను."

పెద్దాయన స్టూలు మీద కూలబడ్డాడు. ఆవిడ తన చేతులకేసి కాసేపు చూసుకుంది.

"పోనీలెండి," అని పెదాలు కదిపి, మెల్లగా మెట్లెక్కి వెళ్ళిపోయింది.

టెక్నీషియన్ మెట్లకేసి చూశాడు.

"ఎవరు సార్ ఆవిడ?"

"రేపు గొంతుకి ఆపరేషన్ అనగా ఇక్కడికొచ్చి ఆఖరిసారి పాడింది. ఆ పాటనే ముక్కలుగా కోసి, వేగం తగ్గించి అతికించాను," అన్నాడు పెద్దాయన. "మన మొదటి పాటలో ఏడ్చింది యంత్రం కాదయ్యా, ఆవిడే."