వైర్ లేని గిటార్

నిరుడు కంపెనీ వార్షికోత్సవంలో నితీష్ స్టేజి మీద బోర్లా పడ్డాడు.

పాట మధ్యలో గిటార్ వైరు కాలికి చుట్టుకుంది. ఆ పడటం ఇరవై ఫోన్లలో రికార్డయింది. ఏడాదంతా ఎవరో ఒకరు ఆ వీడియోను ఆఫీసు గ్రూపులో పెడుతూనే ఉన్నారు. చివరికి టీ అందించే భూలక్ష్మి కూడా "జర చూసి నడువు సారూ" అనేది.

ఈసారి ఆ పరువు తిరిగి రాబట్టుకోవాలి. అందుకే సాయంత్రం ప్రోగ్రాం పెట్టుకుని, మధ్యాహ్నం తీరిగ్గా కొండాపూర్‌లోని గిటార్ల షాపుకు వచ్చాడు. మనవాడికి ఏ పనికైనా ఆఖరి రోజే ముహూర్తం.

"వైర్‌లెస్ కావాలి. మొదటి పాట అకూస్టిక్ మీద, రెండోది ఎలక్ట్రిక్ మీద. రెండింటికీ ఒకటే సెట్ సరిపోవాలి."

మేనేజర్ మధుకర్ రెండు రకాలు తీసి బల్ల మీద పెట్టాడు. ఒకటి బొటనవేలంత ఉంది. నేరుగా గిటార్‌కు గుచ్చేస్తే చాలు. రెండోది నడుముకు తగిలించుకునే డబ్బా. దాన్నుంచి గిటార్‌కు మూరెడు వైరు.

"మళ్ళీ వైరా?" అంటూ నితీష్ డబ్బాను పక్కకు తోసేశాడు.

చిన్నదాన్ని అకూస్టిక్‌కు గుచ్చి మీటాడు. శుభ్రంగా పలికింది. సంచిలోంచి నల్ల ఎలక్ట్రిక్ గిటార్ తీశాడు. ఆన్ చేయకుండానే గుచ్చి చూశాడు. పట్టింది.

"ఆ గిటార్‌కి అది పనికిరాదు బాబూ."

మూలన స్టూలు మీద కూర్చున్న మనిషి లేచి వచ్చాడు. అరవై దాటి ఉంటాయి. కాలరు అరిగిన చొక్కా. చూపు మాత్రం నితీష్ మీద లేదు, గిటార్ మీదే ఉంది.

"ఎందుకు పనికిరాదు?"

"దాని లోపల బ్యాటరీ ఉందండి. దానికి ఈ చిన్నది పెడితే కీచుమంటది. ఆ డబ్బా తీసుకోండి, ఏ గొడవా ఉండదు."

"నా గిటార్‌లో ఏముందో నాకు తెలీదా అంకుల్?"

నిజానికి తెలీదు. ఆన్‌లైన్‌లో సెకండ్ హ్యాండ్ కొన్నాడు. వెనక మూత ఏనాడూ తెరిచిన పాపాన పోలేదు.

"పోనీ స్పీకర్‌కి పెట్టి వాయించి చూడండి. మీకే తెలుస్తది."

"దీనికి పన్నెండు వేల మంది నాలుగున్నర స్టార్లు ఇచ్చారు. వాళ్ళందరికంటే మీకు ఎక్కువ తెలుసా?"

"ఒక్క నిమిషమే బాబూ." ఆయన చేయి చాచి గిటార్ అంచును ముట్టుకున్నాడు.

నితీష్ ఆ చేతిని విసిరికొట్టాడు.

"ఖరీదైన డబ్బా అంటగట్టడానికి ఈయన్ని కూర్చోబెట్టారా? కమీషన్ ఎంత?" అని మధుకర్‌ను అడిగాడు.

"అయ్యో సార్, మా మనిషి కాదు. శనివారం శనివారం వచ్చి ఊకె కూసుంటడు. నేనొచ్చినప్పటి సంది ఒక్కటి కొన్నది లేదు."

"అయితే రివ్యూలో అదే రాస్తాను."

ఆ మాట చాలింది. మధుకర్ ఆయన రెక్క పట్టుకున్నాడు.

"ఓ పెద్దమనిషీ, ఇగ నడువు. మళ్ల ఈ గడప తొక్కకు."

ఆయన బయటికి వచ్చి నిలబడి, అద్దంలోంచి చూశాడు. నితీష్ గిటార్‌ను సంచిలో పెట్టి జిప్పు లాగాక ఆయన వెళ్ళిపోయాడు.

సాయంత్రం మొదటి పాట బ్రహ్మాండంగా వచ్చింది. నితీష్ వాయిస్తూ స్టేజి దిగి జనం మధ్యకు కూడా నడిచాడు. పెద్దబాస్ పార్థసారథి తల ఊపాడు.

తర్వాత నల్ల గిటార్ తగిలించుకుని స్విచ్ నొక్కాడు.

హాలంతా కీచుమంది.

పీకి మళ్ళీ గుచ్చాడు. ఇంకా గట్టిగా కీచుమంది. పార్థసారథి చెవుల్లో వేళ్ళు పెట్టుకున్నాడు.

"వైరుంటే ఇవ్వండి," అని సౌండ్ వాళ్ళను బతిమాలాడు నితీష్.

"వైర్‌లెస్ అన్నారు కదా సార్. మేం తేలేదు."

నితీష్ మెట్లు దిగేలోపే కొత్త వీడియో గ్రూపులో పడింది.

మర్నాడు షాపు తెరవకముందే వచ్చి నిలబడ్డాడు. మధుకర్ రాగానే గిటార్‌ను బల్ల మీద పడేశాడు.

"మోసం చేశారు. డబ్బు వాపస్ ఇవ్వండి."

మధుకర్ వెనక గదిలోంచి కరుణను పిలిచాడు. గిటార్లు రిపేరు చేసేది ఆమే. కరుణ వెనక మూత విప్పింది. లోపల బ్యాటరీ ఉంది. ఆమె దాన్ని వదిలేసి, వైర్లు అతికిన తీరును చాలాసేపు చూసింది.

"ఇది ఏసురత్నం సారు చేసిన గిటార్. నిన్న మీరు వచ్చినప్పుడు ఆయన ఈడ లేడా?"

"కాలరు అరిగిన చొక్కా ముసలాయనా? బ్యాటరీ ఉందన్నాడు. ఆయనకెలా తెలుసు?"

"తెల్వకేంది సార్? కర్ర చెక్కింది ఆయన, వైరింగ్ చేసింది ఆయన. కొడుకు డేవిడ్ కోసం చేసిండు. ఆ పిల్లగాడు దవాఖానల పడ్డప్పుడు అమ్మిండు."

నితీష్‌కు సిగ్గేసింది. ఇంతవరకు ఏ వీడియో చూసినా అంత సిగ్గేయలేదు.

"ఆయన నంబరుందా?"

"లేదు. బోరబండల ఉంటడని తెలుసు, అంతే. శనివారం ఎట్లయినా వస్తడు కదా."

మధుకర్ తల దించుకున్నాడు. "ఇగ రాడు. నిన్న నేనే రావొద్దన్న."

"అసలు ప్రతి వారం ఇక్కడికెందుకు వచ్చేవాడు?" అన్నాడు నితీష్.

కరుణ మూత బిగించి, గిటార్‌ను అతని వైపు జరిపింది.

"డేవిడ్‌ను మట్టి జేసిన వారం సంది, ఇది కొన్నోళ్లు ఎన్నడన్న ఒకనాడు తీగలు మార్పించనీకి ఈడికే వస్తరని, వస్తే బతిమాలి కొడుకు గిటార్ సప్పుడు ఒక్కపారి ఇనిపోతనని, ఆ స్టూలు మీద కూసునేటోడు సార్."