చెవిలో పంతులు

చౌడేశ్వరి కర్నూలు దగ్గరి సర్కారు విశ్వవిద్యాలయంలో చేరేనాటికి అక్కడ పాఠం చెప్పే మనుషులు ఎవరూ లేరు. ప్రతి విద్యార్థికీ చెవిలో పెట్టుకునే యంత్ర పంతులును ఇచ్చేవారు. అది ఎవరి యాసలో వారికి, ఎన్నిసార్లు అడిగినా విసుక్కోకుండా చెప్పేది. చదువు దాదాపు ఉచితం. గొర్రెలు కాసుకునే ఇంటి నుంచి వచ్చిన పిల్లకు అంతకంటే ఏం కావాలని అందరూ అన్నారు.

అయితే మెస్సులో వందల మంది పక్కపక్కనే కూర్చుని, ఎవరి పాఠం వారు వింటూ, మౌనంగా తినేవారు. నెలల తరబడి ఆమెను పేరు పెట్టి పిలిచింది ఆ యంత్రమొక్కటే. చివరికి ఒకరోజు, సాయంత్రం బస్సుకు ఊరెళ్లిపోదామని నిశ్చయించుకుని, ఆ మధ్యాహ్నం భోజనానికి కూర్చుంది.

"దిగులుగా ఉండావా చౌడీ? నాతో చెప్పు," అంది యంత్రం.

ఆమె దాన్ని తీసి పళ్లెం పక్కన పెట్టింది. రోజూ తన పక్కనే తినే అమ్మాయి భుజం తట్టి, "అక్కా, నిన్నటి లెక్క నాకు అర్థం కాల్యా. నీకైందా?" అని అడిగింది.

ఆ అమ్మాయి ఉలిక్కిపడి తన చెవిలోదీ తీసేసింది. నీళ్లు తాగి ఇటు తిరిగింది.

"నాకూ కాల్యా. నా పేరు హుసేన్‌బీ."

ఇద్దరూ తడి వేళ్లతో బల్ల మీద గీసి లెక్క చేశారు. తప్పే వచ్చిందనిపించింది. చుట్టూ ఒక్కరూ తలెత్తి చూడలేదు.

హుసేన్‌బీ లేస్తూ, "రేపు గూడ అడుగుతావా?" అంది.

చౌడేశ్వరికి సాయంత్రం బస్సు గుర్తొచ్చింది. అయినా, "అడుగుతాలే అక్కా," అంది.