అన్ని మేళాల గురవయ్య

"ముందు ఆ సన్నాయి కింద పెట్టి లెయ్యి" అంది కృష్ణకుమారి.

ఆమె పెళ్లికొడుకు తల్లి. మార్కాపురం కల్యాణమండపంలో పెళ్లికూతురు వెన్నెలను అప్పుడే పీటల మీద కూర్చోబెట్టారు. పక్కన పెద్ద తెర మీద ఆ పిల్ల ఫొటోలు తిరుగుతున్నాయి. గురవయ్య సన్నాయి దించి, ఏమైందమ్మా అని అడిగాడు. ఆమె ఫోన్ తెచ్చి అతని ముక్కు దగ్గర పెట్టింది. ఎవరో అప్పుడే పంపిన వీడియో. మొదటి ముక్క చూడగానే మండిపడి లేచి వచ్చిందామె. అందులో ఎర్రకోటు తొడుక్కుని క్లారినెట్ ఊదుతున్నది గురవయ్యే. చుట్టూ డప్పులు, నేల మీద చల్లిన బొరుగులు.

"మొన్న బేస్తవారం యర్రగొండపాలెంలో శవం ముందర ఊదినోడివి, ఈ పొద్దు నా కొడుకు తాళి కట్టేటప్పుడు ఊదుతావా?"

గురవయ్య కాదనలేదు. ఒక్క సన్నాయిని నమ్ముకుంటే ముహూర్తాలున్న నెలల్లోనే పొయ్యి వెలుగుతుంది. అందుకే ఆదివారం చర్చిలో కీబోర్డు, శనివారం భజనలో హార్మోనియం, ఎన్నికలొస్తే రెండు పార్టీల ఊరేగింపుల్లోనూ బ్యాండు. ఏది చేతికిస్తే అది పలికిస్తాడు. చావులకు మాత్రం గుట్టుగా పోయి వస్తాడు. తెలిస్తే పెళ్లిళ్లకు ఎవరూ పిలవరు. ఇప్పుడు నిండు పందిట్లో తెలిసిపోయింది. ఇక్కడినుంచి గెంటించుకుని దిగితే, ఈ చుట్టుపక్కల అతని సన్నాయికి ఇక పెళ్లి లేనట్టే.

పెళ్లికూతురి తండ్రి మురళీకృష్ణ పరుగున వచ్చాడు. పొద్దున్నుంచి తియ్యని పట్టు తలపాగా చెమటకు తడిసిపోయింది. అయినా గొంతు మాత్రం అందరికంటే పెద్దగా లేచింది.

"ఛీ, సిగ్గుందా నీకు? ఇట్లాంటోడివని తెలిస్తే గడప తొక్కనిస్తానా? శుభమా అని పెళ్లి చేస్తాంటే ఇంటికి మైల తెచ్చినావు."

గురవయ్య అతని ముఖంలోకి చూశాడు. మేళగాడన్నాక మాటలు పడటం కొత్త కాదు. కానీ శ్మశానం పొగ పీల్చినప్పుడు కూడా ఇంత రోత పుట్టలేదు. ఆ పట్టుపంచె మీద ఖాండ్రించి ఉమ్మాలనిపించింది. పీటల మీద నుంచి వెన్నెల బెదురుగా చూస్తోంది. ఆ పిల్లను చూసి ఉమ్ము మింగేశాడు.

పెన్‌డ్రైవ్‌లో మంగళవాద్యం ఉందని డీజే కోటి చెప్పాడు. అందరూ హమ్మయ్య అనుకున్నారు. ఆ డీజే బాక్సులు ఎన్ని చావులకు మోగాయో ఎవరూ అడగలేదు.

గురవయ్య సన్నాయిని గుడ్డలో చుట్టాడు.

"పోతాండానమ్మా. తప్పు నాదే. ఆ ఫోన్ ఒక్కటి ఆపు."

"ఎందుకు ఆపాల? అందరూ చూడనీ నీ భాగోతం."

మెట్లు దిగినవాడు మళ్లీ ఎక్కి వచ్చి చేతులు జోడించాడు.

"నీ కాళ్లు పట్టుకుంటా తల్లీ. నన్ను ఎన్నైనా తిట్టు. అది మాత్రం ఎవరికీ చూపొద్దు."

మురళీకృష్ణ కూడా ఉన్నట్టుండి మెత్తబడ్డాడు. పోనీలే వదినా, పోతున్నాడు కదా అని నసిగాడు. కృష్ణకుమారి వినలేదు. మేళగాడు బతిమాలేకొద్దీ ఆమెకు ఊపు వచ్చింది. ఫోన్ కోటి చేతికిచ్చి పెద్ద తెర మీద వెయ్యమంది.

వెన్నెల ఫొటోలు పోయి తెర మీదికి ఎర్రకోటు వచ్చింది. మండపమంతా ఛీ ఛీ అంది. క్లారినెట్ ఊదుతూ గురవయ్య పక్కకు జరిగాడు. అతని వెనక, పాడెకు ముందు, నున్నటి గుండుతో అగ్గికుండ పట్టుకుని నడిచి వస్తున్నాడు మురళీకృష్ణ.