గడియారానికి దారిఖర్చు

గడియారం ధర కంటే దాన్ని పంపే ఖర్చు మూడింతలు!

ఫోను చూసిన కూతురికి ఒళ్ళు మండిపోయింది.

వేలంలో గెలిచానన్న సంబరం అక్కడికక్కడే చల్లారింది. మందుల షాపులో బిల్లులు కొట్టే మనిషి ఆమె. లెక్క తేడా వస్తే కొనేవాళ్ళనీ వదలదు, అమ్మేవాళ్ళనీ వదలదు.

పోనీ మానేద్దామా అంటే, అమ్మ ఉంది.

అమ్మకు చూపు పోయి చాలా కాలమైంది. గోడ గడియారం కొట్టే గంటలే ఆమెకు పగలూ రాత్రీ. మొన్న మేకు ఊడి ఆ గడియారం కాస్తా నేల మీద పడి ముక్కలైంది. అప్పటి నుంచి అమ్మకు నిద్ర సరిగ్గా లేదు, తిండి మీద ధ్యాస లేదు. మిట్టమధ్యాహ్నం లేచి కూర్చుని "తెల్లారిందా?" అని అడుగుతోంది. టైము చెప్పే మాటల గడియారం కొనిస్తే, "ఎవరో పరాయి ఆడది ఇంట్లో తిరుగుతున్నట్టుందే, తీసెయ్" అంది.

అచ్చం పాతదానిలాంటిదే ఆన్‌లైన్ వేలంలో కనబడేసరికి కూతురు ఎగిరి గంతేసింది. పోటీకి ఎవరూ రాలేదు. చవగ్గా దొరికింది. పంపే ఖర్చు ఎంతో అమ్మినతను ఆ తర్వాత చెప్పాడు.

వెంటనే మెసేజ్ పెట్టింది.

"ఇదేం బాదుడండీ? పంపేది గడియారమా, ఏనుగా?"

"అంతే అవుతుందమ్మా. పగలకుండా చేర్చే పూచీ నాది."

"కొంచెమైనా తగ్గించరా?"

"తగ్గించే వీలుంటే తగ్గించేవాణ్ణే."

పళ్ళు నూరుతూ కట్టింది. ఆ ఊపులోనే వేలం నడిపేవాళ్ళకు ఫిర్యాదు కూడా పెట్టింది. పోస్టు ఖర్చు పేరు చెప్పి దోచుకుంటున్నాడనీ, ఇలాంటివాణ్ణి ఉంచుకుంటే పరువు పోయేది మీదేననీ రాసింది. రాశాక కాస్త శాంతించింది.

ఆదివారం పొద్దున తలుపు చప్పుడైంది.

గుమ్మంలో బక్కపల్చని పెద్దాయన. నలిగిన చొక్కా, నిద్రలేని కళ్ళు. పాత దుప్పటి చుట్టిన మూటను పసిబిడ్డను ఎత్తుకున్నట్టు రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాడు.

"గడియారమమ్మా."

"అయ్యో, ఈ వయసులో మీచేత మోయిస్తున్నారా! ఇలా ఇవ్వండి బాబాయ్‌గారూ."

"వద్దు తల్లీ, నేనే బిగిస్తాను. ఏ గోడకో చూపించు."

అమ్మ స్నానాల గదిలో ఉంది. కూతురు స్టూలు వేసి పట్టుకుంది. పెద్దాయన ఎక్కి మేకు కొట్టాడు. పని సాగుతుంటే ఆమె నోరు ఊరుకోలేదు.

"మీరు కాబట్టి ఇంత పదిలంగా తెచ్చారు. ఆ అమ్మినవాడున్నాడే, పచ్చి దొంగ! పోస్టు ఖర్చని ఎంత గుంజాడో తెలుసా?"

లోలకం పట్టుకున్న చెయ్యి ఆగింది.

"మరీ ఎక్కువ తీసుకున్నాడా అమ్మా?"

"ఎక్కువా! అందులో మీ చేతికి పైసా కూడా వచ్చి ఉండదు."

అంతలో ఫోను మోగింది. వేలం వాళ్ళ మెసేజ్. చదువుతుంటే ఆమె ముఖం వెలిగిపోయింది.

"చూశారా బాబాయ్‌గారూ! పోస్టు డబ్బు మొత్తం వాడి దగ్గర్నుంచి వెనక్కి ఇప్పించారు. వాణ్ణి కూడా తీసిపారేశారు. ఇక అక్కడ ఏదీ అమ్ముకోలేడు. తిక్క కుదిరింది!"

పెద్దాయన కండువా కొసతో గడియారం అద్దం తుడిచాడు.

"పోనీలే తల్లీ, నీ డబ్బు నీకొచ్చింది," అన్నాడు నెమ్మదిగా.

లోలకం తగిలించాడు. చెవి ఆనించి, చప్పుడు సమంగా పలికేదాకా గడియారాన్ని వెంట్రుకవాసి అటూ ఇటూ జరిపాడు. స్టూలు దిగాడు గానీ గుమ్మం వైపు కదల్లేదు.

"ఒక్కసారి గంట కొట్టేదాకా ఉండొచ్చా అమ్మా?"

"ఎంత మాట! కూర్చోండి, కాఫీ తెస్తాను."

ఆమె వంటింట్లో ఉండగా అమ్మ స్నానం ముగించి ముందు గదిలోకి వచ్చింది. "అన్నయ్యగారూ" అంటూ ఏదో అడగడం, ఆయన తగ్గు గొంతుతో జవాబు చెప్పడం వినబడింది. పాలు పొంగుతుంటే కూతురు మాటలు పట్టించుకోలేదు. ఇంతలో గంటలు మోగాయి.

కాఫీ తెచ్చేసరికి అమ్మ గోడకు అరచెయ్యి ఆనించి నవ్వుతోంది. ఎన్నాళ్ళకో చూసిన ఆ నవ్వుకు కూతురి గుండె నిండిపోయింది. పెద్దాయన మాత్రం కండువాతో కళ్ళు తుడుచుకుంటున్నాడు. ఎంత మెత్తని మనసో పాపం అనుకుంది.

కాఫీ తాగి, దుప్పటి మడిచి చంకన పెట్టుకున్నాడు. కూతురు డబ్బు ఇవ్వబోతే వద్దని దణ్ణం పెట్టాడు.

"బస్సుకు టైమైంది తల్లీ. అమ్మను బాగా చూసుకో."

ఆయన సందు మలుపు తిరిగేదాకా కూతురు గుమ్మంలోనే నిలబడింది. చెడ్డవాళ్ళ మీద ఫిర్యాదు చేసినప్పుడు, మంచివాళ్ళ గురించీ పైవాళ్ళకు చెప్పాలి కదా. ఆయన గురించి నాలుగు మంచి మాటలు రాద్దామని ఫోను చేతిలోకి తీసుకుంది.

"అమ్మా, ఆయనది ఏ కొరియర్ కంపెనీయో నీకేమైనా చెప్పాడా?"

"కొరియరేమిటే? మన గడియారం అమ్మింది ఆయనే కదా!" అంది అమ్మ ఆశ్చర్యంగా. "వాళ్ళావిడ పోయాక ఆ గంటలు ఒక్కడూ వినలేక అమ్ముకున్నాడట. పార్సిల్లో వేస్తే పగిలిపోతుందనీ, తానే తెస్తానని చెబితే ఈ వయసులో వద్దంటారనీ, మాట బయటపెట్టకుండా బస్సులో తనకో టికెట్టూ దీనికో టికెట్టూ తీసుకుని, పక్క సీట్లో కూర్చోబెట్టుకుని తెచ్చాడటే!"