కుట్టు హాల్లో ఓడ

“ఇంకెన్ని పేజీలున్నాయమ్మా?”

సూపర్‌వైజర్ రోజూ ఇదే ప్రశ్నతో హాల్లోకి వస్తాడు. అడుగుతూనే చేతి గడియారం చూసుకుంటాడు. అందుకే అక్కడ నలభై కుట్టుమిషన్ల ముందు కూర్చునే ఆడవాళ్లంతా కలిసి ఆయనకు ‘గడియారం’ అని పేరు పెట్టేశారు.

“ఇంకా చాలా ఉన్నాయి సార్,” అంది చదువులక్క, ఎత్తు స్టూలు మీద సర్దుకుని కూర్చుంటూ.

“నిన్నా ఇదే మాట. కానీ, కానీ.”

చదువులక్క పుట్టుకతో చదువులక్క కాదు. చొక్కా కాలర్లు కుట్టడంలో ఆ హాల్లో ఆమె తర్వాతే ఎవరైనా. ఉన్నట్టుండి కుడిచేతి బొటనవేలు వంగడం మానేసింది. గుడ్డ పట్టు చిక్కడం లేదు. ఇరవై ఏళ్ల సర్వీసు నిండితే పింఛను వస్తుంది. నిండడానికి మూడు నెలలు తక్కువ.

ఈవిడను ఏం చేయాలా అని మేనేజర్ తల పట్టుకున్న రోజునే, భోజనాల వేళ ఆమె తన చిన్నప్పటి పిల్లల నవల ఒకటి తెచ్చి పక్కవాళ్లకు చదివి వినిపించింది. ఎప్పుడూ చేపల బజారులా ఉండే హాలు కిక్కురుమనలేదు. అది మేనేజర్ కంట పడింది.

“పని వేళలోనే మైకు పెట్టి చదవమను. కబుర్లు తగ్గుతాయి. పుస్తకం అయ్యేదాకా ఉండనిద్దాం. అయిన మర్నాడు ఇంటికి పంపించేద్దాం,” అన్నాడు గడియారంతో.

అలా ఆమె ఉద్యోగం రెండు అట్టల మధ్య ఇరుక్కుంది.

ఆ నవలలో, గాలి ఎక్కడ పుడుతుందో చూసొద్దామని తొమ్మిదేళ్ల పిల్ల ఒకతి ఓడెక్కుతుంది. ఓడలో వంట చేసేది ఎలుగుబంటి. దారి చూపేది మతిమరుపు కొంగ. “పిల్లల కథా? మాకెందుకమ్మా!” అని మూతి తిప్పినవాళ్లే వారం తిరిగేసరికి, “ఉండవే, కొంగ దారి తప్పింది,” అంటూ టీకి లేవడం మానేశారు.

గడియారం మాత్రం ఒక రూలు పెట్టాడు. డ్యూటీ అవగానే పుస్తకం తన డ్రాయర్లోకి వెళ్లాలి. తాళం పడాలి.

“ఇంటికి పట్టుకెళ్లి అక్కడ చదివేసుకుంటే ఇక్కడెవరు వింటారు?” అన్నాడు.

పొద్దున్నే దానం చేస్తున్నట్టు తీసి ఇచ్చేవాడు.

“ఈయనగారికి సూదిలో దారం ఎక్కించడం నేర్పింది ఈ అక్కే,” గుండీలు కుట్టే పిన్ని పళ్లు నూరింది. “ఏరు దాటి తెప్ప తగలేయడమంటే ఇదే మరి!”

“పిన్నీ, మైకు ఆన్‌లో ఉంది,” అంది చదువులక్క.

హాలంతా గొల్లుమంది. గడియారం విననట్టు టైము చూసుకున్నాడు.

వారాలు గడిచేకొద్దీ కథ పాకాన పడింది. ఓడ ఒక దీవి చేరింది. అక్కడొక పీత. మెడలో ఈల వేసుకుని, అలలు వేళకు వస్తున్నాయా లేదా అని రోజంతా కాపలా కాస్తుంది. ఆలస్యంగా వచ్చిన అలను ఒడ్డు తాకనివ్వకుండా వెనక్కి పంపేస్తుంది.

నలభై తలలూ ఒక్కసారే గడియారం వైపు తిరిగాయి.

“ఏంటా నవ్వులు? సూదులు వేళ్లలో దిగుతాయి!” అని అరిచాడాయన. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

ఆ తర్వాత తుఫాను. తెరచాప నిలువునా చిరిగింది. ‘అంచు రెండు మడతలు వేసి, మూల దగ్గర దారం మూడుసార్లు వెనక్కి తిప్పి కుడితే గాని గాలికి ఆగదు,’ అంటుంది కథలో పిల్ల.

పిన్ని మిషన్ ఆపేసింది. “అక్కా, ఈ కథ రాసినోడెవడో గానీ, మనలాగా మిషన్ తొక్కినోడే!”

చదువులక్క పేజీ తిప్పింది.

ఇంకో తొమ్మిది రోజులకు ఇరవై ఏళ్లు నిండుతాయనగా, మేనేజర్ స్వయంగా హాల్లోకి వచ్చాడు.

“ఇంతోటి పుస్తకానికి రెండు నెలలు దాటిందా? ఏం చదువుతున్నావమ్మా అసలు? ఏదీ, ఇలా తే.”

చెయ్యి చాచాడు. చదువులక్క చదవడం ఆపి, పుస్తకాన్ని గుండెకు అదుముకుంది. మిషన్లు ఒకటొకటే ఆగాయి.

“మీకెందుకు సార్ శ్రమ? నేను చూస్తాగా. ఇటివ్వమ్మా!” గడియారం మధ్యలో దూరి పుస్తకం లాక్కున్నాడు. కిటికీ వెలుతురుకు తిరిగి, వేలు తడి చేసుకుని పేజీలు లెక్కపెట్టాడు. “అచ్చు మరీ చిన్నది సార్, అందుకే తెమలడం లేదు. ఇంకా అరవై ఉన్నాయి. రోజుకు ఐదు లెక్కన పన్నెండు రోజులు. ఎప్పుడు వదులుతుందో ఈ పీడ!”

“పన్నెండా? సరే. పదమూడో రోజున ఈ స్టూలు నాకిక్కడ కనబడకూడదు.” మేనేజర్ వెళ్లిపోయాడు.

గడియారం పుస్తకాన్ని ఆమె ఒళ్లో పడేశాడు. “మొహం చూస్తావేం? చదువు.”

“రాక్షసుడు,” అని గొణిగింది పిన్ని.

చదువులక్క గొంతు సవరించుకుని తర్వాతి అధ్యాయం అందుకుంది. అసలు పుస్తకంలో ఓడ ఇల్లు చేరి అప్పటికే నలభై రోజులైంది. ఆ తర్వాతి సముద్రమంతా, రోజూ డ్రాయర్లో పుస్తకం మధ్య చేరే ఐదు కాగితాల మీద, గడియారం చేతిరాతే.